కెనడా కొలువుల అనుమతి: ఖర్చంతా యజమానిదే

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. కొంతకాలంగా తెలుగు దినపత్రికల జిల్లా పేజీల్లోనూ, వాట్సాప్ గ్రూపుల్లోనూ, బస్టాండ్ల దగ్గర కట్టే ఫ్లెక్సీల మీదా “కెనడా జాబ్ వీసా, ఎల్‌ఎంఐఏ గ్యారంటీ, కుటుంబంతో సహా పీఆర్ (శాశ్వత నివాసం)” అంటూ వస్తున్న ప్రకటనలు చూసి ఈ లేఖ రాస్తున్నాను. నేను కెనడాలోని అంటారియో ప్రావిన్స్‌లో ఒక ఆహార పదార్థాల తయారీ సంస్థలో నియామకాలు, జీతాల లెక్కలు చూసే విభాగంలో ఉద్యోగం చేస్తున్నాను. విదేశీ కార్మికులను తాత్కాలికంగా పనిలో పెట్టుకోవడానికి మా సంస్థ ప్రభుత్వానికి పెట్టుకునే దరఖాస్తుల కాగితాలు సిద్ధం చేయడం నా పనిలో భాగం. ఆ పని దగ్గరగా తెలిసిన మనిషిగా మీ పాఠకులకు ఒక మాట గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. ఎల్‌ఎంఐఏ అనేది కెనడా ప్రభుత్వం యజమానికి ఇచ్చే అనుమతి. దాని రుసుము, దాని కోసం తిరిగే తిరుగుడు, దానికయ్యే ఖర్చు అన్నీ యజమానివే. ఆ పేరు చెప్పి యజమాని గానీ, యజమాని తరఫున మనుషులను చేర్చే మధ్యవర్తి గానీ కార్మికుడి దగ్గర డబ్బు తీసుకోవడం అక్కడి నిబంధనలకు విరుద్ధం.

ఎల్‌ఎంఐఏ పూర్తి పేరు లేబర్ మార్కెట్ ఇంపాక్ట్ అసెస్‌మెంట్. కెనడాలో 1973 నుంచి ఏదో ఒక రూపంలో నడుస్తున్న తాత్కాలిక విదేశీ కార్మికుల పథకంలో ఇది మొదటి మెట్టు. 2014కు ముందు దీనిని లేబర్ మార్కెట్ ఒపీనియన్ అనేవారు. ఆ ఏడాది నిబంధనలు బిగించి, పేరు మార్చి, ఒక్కో ఉద్యోగానికి 275 కెనడా డాలర్లుగా ఉన్న రుసుమును 1,000 డాలర్లు చేశారు. ఫలానా ఉద్యోగంలో ఒక విదేశీయుడిని పెట్టుకుంటే కెనడా కార్మికుల ఉపాధికి, జీతాలకు నష్టం కలుగుతుందా, కలగదా అన్నది తేల్చడమే దీని ఉద్దేశం. నష్టం లేదనో, మేలే జరుగుతుందనో అధికారి నిర్ధారిస్తే యజమానికి అనుకూల నిర్ణయం వస్తుంది; లేదంటే తిరస్కరిస్తారు. ఈ నిర్ణయం తీసుకునే అధికారి వీసాల శాఖకు చెందినవారు కారు. ఉపాధి, సామాజిక అభివృద్ధి వ్యవహారాలు చూసే శాఖ కింద ‘సర్వీస్ కెనడా’లో పనిచేసేవారు. కార్మికుడి చదువు, అనుభవం, ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిషు పరీక్ష మార్కులు తూచడం ప్రధానంగా తర్వాతి దశలో ఇమిగ్రేషన్ శాఖ చేసే పని. ఇక్కడ పరీక్షకు నిలబడేది యజమాని, ఆయన చూపిస్తున్న ఉద్యోగం.

ఆ పరీక్ష ఎలా ఉంటుందో కొంచెం వివరంగా చెబితే, “నాకు తెలిసిన కంపెనీ ఉంది, పదిహేను రోజుల్లో ఎల్‌ఎంఐఏ తెప్పిస్తాను” అనే ఏజెంటు మాటకు ఎంత విలువ ఇవ్వాలో పాఠకులకే తెలుస్తుంది. యజమాని మొదట చేయవలసింది ఆ ఉద్యోగాన్ని స్థానికులకు చూపించడం. ప్రభుత్వం నడిపే ‘జాబ్ బ్యాంక్’ వెబ్‌సైటులో ప్రకటన ఇవ్వాలి, దానితో పాటు కనీసం మరో రెండు మార్గాల్లో ప్రచారం చేయాలి. దరఖాస్తుకు ముందు మూడు నెలల లోపు కనీసం నాలుగు వారాలు ఆ ప్రకటనలు నడవాలి. వాటిలో ఒక్కటైనా ప్రభుత్వ నిర్ణయం వచ్చేదాకా ఆగకూడదు. ప్రకటనలో జీతం, పని గంటలు, పనిచేసే ఊరు, కావలసిన అర్హతలు స్పష్టంగా ఉండాలి. జాబ్ బ్యాంక్ తన దగ్గర పేరు నమోదు చేసుకున్న నిరుద్యోగులను ఈ ఉద్యోగానికి సరిపోల్చి, ఎవరెంత సరిపోతారో నక్షత్రాల లెక్కన చూపిస్తుంది. తక్కువ జీతపు ఉద్యోగమైతే రెండు నక్షత్రాలు, ఎక్కువ జీతపు ఉద్యోగమైతే నాలుగు నక్షత్రాలు, ఆపైన వచ్చినవాళ్లందరినీ దరఖాస్తు చేసుకోమని యజమాని ఆహ్వానించి తీరాలి.

ఇక జీతం సంగతి. ఆ ప్రాంతంలో, ఆ పనికి చెల్లుతున్న జీతానికి తగ్గకుండా ఇస్తానని యజమాని రాసివ్వాలి. ఇప్పటికే అదే పని చేస్తున్న స్థానికులకు ఎక్కువ ఇస్తూ విదేశీయుడికి తక్కువ ఇస్తానంటే కుదరదు. ఆ తర్వాత సంస్థ నిజంగా వ్యాపారంలో ఉందా, ఈ ఉద్యోగం దాని అవసరానికి తగినదేనా, చెప్పిన జీతం ఇవ్వగలిగే స్తోమత ఉందా, కార్మిక చట్టాలను గతంలో పాటించిందా అనే నాలుగు విషయాల మీద పన్నుల కాగితాలు, జీతాల రికార్డులు, లైసెన్సులు అడుగుతారు. గతంలో ఒక చార్టర్డ్ అకౌంటెంటో, లాయరో “ఈ వ్యాపారం అసలైనదే” అని లేఖ ఇస్తే కొంత చెల్లేది. 2024 అక్టోబరు చివరి నుంచి ఆ లేఖలను అంగీకరించడం మానేశారు. ప్రభుత్వ రికార్డులతోనే సరిచూసుకుంటున్నారు.

ఒక దరఖాస్తు సమయంలో అధికారి నాకు ఫోన్ చేసిన తీరు ఇక్కడ చెప్పాలి. ప్రకటన చూసి వచ్చిన ప్రతి అభ్యర్థి పేరు, ఎప్పుడు పిలిచాము, వచ్చారా, రాలేదా, తీసుకోకపోతే కారణమేమిటి అన్న పట్టిక మేము జతచేస్తాము. ఆ పట్టికలో ఒక పేరు దగ్గర ఆవిడ ఆగారు. “ఈయనకు ప్యాకింగ్ లైన్ మీద అనుభవం ఉందని రెజ్యూమెలో ఉంది, ఎందుకు తీసుకోలేదు?” అని అడిగారు. రాత్రి షిఫ్టు చేయలేనన్నాడని చెప్పాను. “రాత్రి షిఫ్టు ఉంటుందని ప్రకటనలో మొదటి రోజు నుంచీ రాశారా, మధ్యలో చేర్చారా?” అని వెంటనే మరో ప్రశ్న వేశారు. తేదీలతో సహా తీసి ఉంచిన ప్రకటన ప్రతులు పంపించాక గానీ ఆ విషయం వదలలేదు. ఆ తర్వాత మా దగ్గర ఆ లైన్‌లో ఎంతమంది పనిచేస్తున్నారు, గత ఏడాది ఎవరినైనా తీసేశారా, వాళ్లను తిరిగి పిలిచారా అని వరసగా అడిగారు. అంత జరిగినా నిర్ణయం ఏమొస్తుందో మాకు తెలియదు. తిరస్కరిస్తే కట్టిన 1,000 డాలర్లు వెనక్కి రావు. దరఖాస్తు పెట్టిన మాకే చివరి దాకా తెలియని ఫలితాన్ని, సముద్రాలు దాటి ఒక ఏజెంటు ముందే గ్యారంటీ ఇస్తున్నాడంటే, ఆ కాగితం నకిలీదైనా అయి ఉండాలి, లేదా డబ్బు కోసం లేని ఉద్యోగాన్ని ఉన్నట్టు చూపించే యజమాని అయినా దాని వెనుక ఉండాలి.

2022 సెప్టెంబరు 26 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు ఈ విషయంలో ఏ సందేహానికీ తావివ్వవు. నియామకానికి సంబంధించిన ఏ రుసుమునూ యజమాని కార్మికుడి నుంచి వసూలు చేయకూడదు. తన తరఫున మనుషులను వెతికిపెట్టిన ఏజెంటు కూడా నేరుగా గానీ, చాటుమాటుగా గానీ వసూలు చేయకుండా చూసే బాధ్యత సైతం యజమానిదే. జీతంలో నెలనెలా కోసుకోవడమూ అంతే, బ్యాంకులో జీతం వేసి తర్వాత కొంత నగదుగా తిరిగి తీసుకోవడమూ అంతే. పనిలో చేరే మొదటి రోజుకల్లా ఇద్దరూ సంతకం చేసిన ఒప్పంద పత్రం, కార్మికుడి హక్కులు తెలిపే సమాచార పత్రం అతని చేతిలో ఉండాలి. తక్కువ జీతపు ఉద్యోగాలకైతే యజమాని మీద మరికొంత భారం ఉంది. రానుపోను ప్రయాణ ఖర్చు భరించాలి, అందుబాటు అద్దెలో వసతి చూపించాలి, ప్రావిన్స్ ప్రభుత్వపు ఆరోగ్య బీమా వర్తించేదాకా ప్రైవేటు బీమా కట్టాలి. అంటే నిబంధనల ప్రకారం నడిచే యజమాని దగ్గరకు వచ్చే ప్యాకింగ్ కార్మికుడికి విమానం టికెట్ కూడా యజమానే కొనాలి. మన ఊళ్లలో అదే ఉద్యోగానికి అదే కార్మికుడు పొలం తాకట్టు పెట్టి లక్షలు కడుతున్నాడు.

ఎక్కువగా మోసం జరుగుతున్నది హోటల్ ఉద్యోగాల పేరుతో కనుక 2024లో వచ్చిన మార్పుల గురించి తప్పకుండా చెప్పాలి. ఎల్‌ఎంఐఏ దరఖాస్తులను జీతాన్ని బట్టి ఎక్కువ జీతపువి, తక్కువ జీతపువి అని రెండు తరగతులుగా చూస్తారు. 2024 సెప్టెంబరు 26 నుంచి, నిరుద్యోగం 6 శాతం లేదా అంతకు మించి ఉన్న మహానగర ప్రాంతాల్లో తక్కువ జీతపు దరఖాస్తులను అసలు పరిశీలనకే తీసుకోకూడదని నిర్ణయించారు. ఆ నగరాల జాబితాను మూడు నెలలకోసారి మారుస్తారు. వ్యవసాయం, ఆహార తయారీ, నిర్మాణం, ఆరోగ్య సేవల వంటి రంగాలకు మినహాయింపులున్నాయి గానీ హోటళ్లకు ఆ మినహాయింపు ఇవ్వలేదు. ఒక సంస్థలో తక్కువ జీతపు విదేశీ కార్మికుల వాటాను సాధారణంగా 10 శాతానికి, పని గడువును ఏడాదికి కుదించారు. అదే సంవత్సరం మే నుంచి ఎల్‌ఎంఐఏ చెల్లుబాటును ఏడాది నుంచి ఆరు నెలలకు తగ్గించారు. నవంబరులో ‘ఎక్కువ జీతం’ అనడానికి గీతను ప్రావిన్స్ మధ్యస్థ జీతానికి 20 శాతం పైకి జరిపారు. అంటారియోలో అది అప్పట్లో గంటకు 34 డాలర్ల పైచిలుకు అయింది. అదే సమయానికి ఆ ప్రావిన్స్‌లో కనీస వేతనం 17 డాలర్ల 20 సెంట్లు.

ఇప్పుడు పాఠకులు లెక్క వేసుకోవచ్చు. బ్రాంప్టన్, మిస్సిసాగా రెండూ టొరంటో మహానగర ప్రాంతంలోకే వస్తాయి. 2024 చివరలోనూ, 2025లోనూ టొరంటో ఆ నిషేధిత జాబితాలో ఉంది. అక్కడి హోటల్‌లో కిచెన్ హెల్పర్‌కు గంటకు 34 డాలర్లు ఇచ్చేవాళ్లు ఎవరూ ఉండరు. కాబట్టి ఆ రోజుల్లో “బ్రాంప్టన్ రెస్టారెంటులో హెల్పర్ ఎల్‌ఎంఐఏ సిద్ధంగా ఉంది” అని ఎవరైనా కొత్తగా అమ్మజూపి ఉంటే, దరఖాస్తే స్వీకరించని చోట అనుమతి ఎలా వచ్చిందని అడగాల్సింది. మన దోసె మాస్టర్లకు, బిర్యానీ మాస్టర్లకు అక్కడ గిరాకీ ఉన్న మాట నిజమే, దాన్ని నేను కాదనను. కానీ ఆ హోటల్ యజమాని కూడా ముందు స్థానికుల కోసం వెతకాలి. ప్రకటనలో తెలుగు వచ్చినవాడే కావాలని రాయడానికి వీల్లేదు. ఆ పనికి ఆ భాష ఎందుకు తప్పనిసరో రుజువు చేయగలిగితే తప్ప ఇంగ్లిషు, ఫ్రెంచి కాక మరో భాష అడగకూడదు. నిజాయితీగా నడుపుకునే చిన్న హోటల్‌వాళ్లు ఈ నిబంధనల మధ్య ఎంత నలుగుతున్నారో నాకు తెలుసు. ఏడాది పొడవునా వంటమనిషి దొరక్క యజమానే పొయ్యి దగ్గర నిలబడే హోటళ్లున్నాయి. ఆ ఇబ్బంది నిజమైనదే అయినా దాని బరువు తెచ్చి ఆంధ్రాలోనో, తెలంగాణలోనో ఉన్న ఒక కుటుంబం నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

అనుకూలమైన ఎల్‌ఎంఐఏ వచ్చినంత మాత్రాన కార్మికుడికి వీసా వచ్చినట్టు కాదు. ఆ నిర్ణయ పత్రం ప్రతిని, ఉద్యోగ ఒప్పందాన్ని జతపరచి కార్మికుడు ఇమిగ్రేషన్ శాఖకు వర్క్ పర్మిట్ కోసం విడిగా దరఖాస్తు చేసుకోవాలి. దానికి ప్రభుత్వ రుసుము 155 డాలర్లు, వేలిముద్రలు, ఫోటో వంటి బయోమెట్రిక్స్‌కు 85 డాలర్లు. చట్టబద్ధంగా కార్మికుడు తన జేబులోంచి కట్టవలసినవి ప్రధానంగా ఇవీ, వైద్య పరీక్షల వంటి ఖర్చులూ. ఆ దశలో అధికారి అతని అనుభవం నిజమేనా, ఆ పని చేయగలడా, గడువు ముగిశాక తిరిగి వెళ్తాడా అని చూస్తారు. నచ్చకపోతే ఎల్‌ఎంఐఏ ఎంత పక్కాగా ఉన్నా తిరస్కరించవచ్చు. నకిలీ కాగితాలు పెట్టారని తేలితే మాత్రం అయిదేళ్లపాటు కెనడాలో అడుగుపెట్టే వీలు లేకుండా నిషేధం పడుతుంది. ఆ నిషేధం పడేది ఏజెంటు మీద కాదు, అతన్ని నమ్మి సంతకం పెట్టిన అబ్బాయి మీద. మోసపోయి డబ్బు పోగొట్టుకున్నవాడే మోసగాడుగా రికార్డుకెక్కడం నాకు అన్నిటికంటే బాధ కలిగించే సంగతి.

పశ్చిమ గోదావరి జిల్లా నుంచి మాకు దూరపు బంధువైన ఒకాయన, తన కొడుక్కి వచ్చిందంటూ ఒక ‘ఎల్‌ఎంఐఏ’ వాట్సాప్‌లో పంపించి, “అమ్మా, ఇది సరైనదేనా, మిగతా నాలుగు లక్షలు రేపు కట్టమంటున్నారు” అని అడిగారు. పైన కెనడా జెండా, మధ్యలో అబ్బాయి పాస్‌పోర్టు ఫోటో, కింద ఎర్రని గుండ్రటి ముద్ర, “వీసా అప్రూవ్డ్” అని పెద్ద అక్షరాలు ఉన్నాయి. చూడగానే నకిలీదని తెలిసిపోయింది. అసలు నిర్ణయ పత్రం సర్వీస్ కెనడా నుంచి యజమాని పేరిట వస్తుంది. దాని మీద కార్మికుడి ఫోటో ఉండదు, వీసా ఊసు ఉండదు. దానితో పాటు వచ్చే అనుబంధంలో ఉద్యోగం పేరు, జీతం, పని గంటలు, పనిచేసే చోటు ఉంటాయి. ఆయన పంపిన కాగితంలో జీతం ‘నెలకు’ అని మాత్రమే ఉంది, గంటకు ఎంతో లేదు, పనిచేసే ఊరు పేరే లేదు. నాలుగు లక్షలు ఆగాయి గానీ అంతకుముందు కట్టిన డబ్బు ఇప్పటికీ రాలేదు.

అయితే ఈ వ్యాపారానికి ఊళ్లో అమాయకులే బలి అవుతున్నారనుకోవడం పొరపాటు. కెనడాలో చదువు ముగించి, ఒక్కసారే ఇచ్చే పోస్ట్ గ్రాడ్యుయేషన్ వర్క్ పర్మిట్ గడువు దగ్గరపడి, ఏం చేయాలో దిక్కుతోచక ఉన్న మన విద్యార్థులే ఇందులో ఎక్కువగా చిక్కుకుంటున్నారని నేను చూసినంతలో చెప్పగలను. శాశ్వత నివాసం కోసం ‘ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ’ అనే పాయింట్ల పద్ధతిలో పోటీపడే వారికి ఎల్‌ఎంఐఏ ఆధారంగా వచ్చిన ఉద్యోగం ఉంటే చాలా ఉద్యోగాలకు 50, అత్యున్నత నిర్వాహక పదవులకు 200 అదనపు పాయింట్లు ఇచ్చేవారు. ఆ 50 పాయింట్ల కోసం అనుమతులను వేల డాలర్లకు అమ్ముకుంటున్న వైనాన్ని కెనడా పత్రికలు ఎన్నోసార్లు బయటపెట్టాయి. చివరికి 2024 డిసెంబరులో అప్పటి ఇమిగ్రేషన్ మంత్రి మార్క్ మిల్లర్ ఆ పాయింట్లు తీసేస్తామని ప్రకటించారు. 2025 మార్చి 25 నుంచి తీసేశారు. ఇంత జరిగాక కూడా “ఎల్‌ఎంఐఏ కొనుక్కుంటే పీఆర్ పాయింట్లు” అని ఎవరైనా చెబుతున్నారంటే వారికి విషయం తెలియకైనా చెబుతుండాలి, తెలిసీ దాచిపెట్టయినా చెబుతుండాలి. రెండింటిలో ఏదైనా మీ పిల్లల భవిష్యత్తు వారి చేతిలో పెట్టదగినది కాదు.

ఈ వ్యవస్థలో లోపం లేదని నేను వాదించడం లేదు. ఎల్‌ఎంఐఏ మీద వచ్చే వర్క్ పర్మిట్ ఒకే యజమానికి కట్టుబడి ఉంటుంది. ఆ యజమాని జీతం ఎగ్గొట్టినా, పన్నెండు గంటలు పని చేయించినా, కార్మికుడు మర్నాడు పక్క ఫ్యాక్టరీలో చేరిపోలేడు. కొత్త యజమాని మళ్లీ మొదటి నుంచి ఇదంతా చేయాలి. ఐక్యరాజ్యసమితి తరఫున ఆధునిక బానిసత్వంపై పరిశీలకులుగా ఉన్న టొమోయా ఒబొకాటా 2023లో కెనడా వచ్చి చూసి, ఈ పథకం అటువంటి దోపిడీకి పుట్టినిల్లుగా మారిందని తీవ్రంగా తప్పుపట్టారు. నా అభిప్రాయమూ అదే. అనుమతి యజమాని చేతిలో, కార్మికుడి బతుకుతెరువు ఆ అనుమతి చేతిలో ఉన్నంతకాలం దాన్ని అమ్ముకునేవాడు ఎక్కడో ఒకచోట పుట్టుకొస్తూనే ఉంటాడు. గల్ఫ్‌లో కఫీల్ (వీసా ఇచ్చి తన కింద కట్టిపడేసే యజమాని) కింద నలిగిన జగిత్యాల, నిజామాబాద్ కుటుంబాలకు, కువైట్ వెళ్లొచ్చిన కోనసీమ, రాయచోటి ఆడవాళ్లకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. ఒక రంగానికో, ఒక ప్రాంతానికో చెల్లే పర్మిట్ ఇచ్చి, ఆ పరిధిలో యజమానిని మార్చుకునే స్వేచ్ఛ కార్మికుడికి ఇస్తే ఈ అమ్మకాల్లో సగం వాటంతటవే ఆగిపోతాయని నేను నమ్ముతున్నాను.

అలాగని అక్కడ చిక్కుకున్నవారికి దారే లేదనుకోకూడదు. 2019 జూన్ నుంచి, యజమాని చేతిలో వేధింపులకు గురవుతున్న కార్మికులకు ఎక్కడైనా పనిచేసుకునే ఓపెన్ వర్క్ పర్మిట్ ఇస్తున్నారు. దానికి రుసుము లేదు. జీతం స్లిప్పులు, మెసేజ్‌లు, డబ్బు తిరిగి పంపిన బ్యాంకు వివరాలు దాచుకుంటే అవే సాక్ష్యాలవుతాయి. పేరు బయటపెట్టకుండా సర్వీస్ కెనడాకు ఫిర్యాదు చేయవచ్చు. తనిఖీ అధికారులు ముందు చెప్పకుండా కూడా రావచ్చు. తప్పు తేలితే ఒక్కో ఉల్లంఘనకు లక్ష డాలర్ల దాకా, ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా జరిమానా వేసి, ఈ పథకం నుంచి కొన్నేళ్లు గానీ శాశ్వతంగా గానీ వెలివేసి, ఆ యజమాని పేరును ఇమిగ్రేషన్ శాఖ వెబ్‌సైటులో అందరికీ కనబడేలా పెడతారు. అనుకూల ఎల్‌ఎంఐఏలు పొందిన సంస్థల జాబితాను కూడా ప్రభుత్వం విడతలవారీగా బయటపెడుతుంది. ఆ జాబితా ఆలస్యంగా వస్తుంది కనుక పేరు లేనంత మాత్రాన మోసమని చెప్పలేము. కానీ చెప్పిన సంస్థ పేరు ఉల్లంఘనల జాబితాలో కనబడితే అక్కడితో ఆగిపోవడమే మంచిది.

మన వైపు చట్టం సంగతి కూడా చూడాలి. 1983 నాటి వలసల చట్టం ప్రకారం, విదేశీ ఉద్యోగాలకు మనుషులను చేర్చే ఏజెంటు కేంద్ర విదేశాంగ శాఖ దగ్గర నమోదై ఉండాలి. ‘ఈ-మైగ్రేట్’ పోర్టల్‌లో ఆ పేర్లు ఎవరైనా చూడవచ్చు. నమోదైన ఏజెంటు కూడా కార్మికుడి నుంచి 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీకి మించి తీసుకోకూడదు. కెనడా యజమాని తరఫున చేర్చుకుంటున్న ఏజెంటైతే ఆ 30,000 తీసుకోవడానికి కూడా కెనడా నిబంధన ఒప్పుకోదని గుర్తుంచుకోవాలి. గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు పదో తరగతి పాసు కాని కార్మికులు వెళ్లేటప్పుడు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అనే వడపోత ఒకటి ఉంటుంది. కెనడా ఆ జాబితాలో లేదు కాబట్టి ఆ వడపోత కూడా వర్తించదు. దీన్ని ఆసరా చేసుకుని, విద్యార్థులకు అడ్మిషన్లు ఇప్పించే కన్సల్టెన్సీలు పక్కనే ఇంకో బోర్డు తగిలించి ఉద్యోగాలూ ఇప్పిస్తామంటున్నాయి. చదువుకు దరఖాస్తు నింపిపెట్టడం వేరు, ఉద్యోగానికి మనుషులను చేర్చడం వేరు. రెండోదానికి లైసెన్సు తప్పనిసరి. అలాగే కెనడా ఇమిగ్రేషన్ వ్యవహారాల్లో డబ్బు తీసుకుని సలహా ఇచ్చేవారు అక్కడి లాయర్ల వంటి లైసెన్సు ఉన్న న్యాయవృత్తివారైనా అయి ఉండాలి, కన్సల్టెంట్ల కాలేజీ అనే నియంత్రణ సంస్థలో సభ్యులైనా అయి ఉండాలి. ఆ సభ్యుల పేర్లు కూడా ఆన్‌లైన్‌లో వెతుక్కోవచ్చు.

సాఫ్ట్‌వేర్ రంగం వారికి ఇందులో చాలా భాగం వర్తించదని చెప్పడం న్యాయం. 2017లో మొదలైన ‘గ్లోబల్ టాలెంట్ స్ట్రీమ్’లో ముందుగా ప్రకటనలివ్వాలనే నియమం లేదు, రెండు వారాల్లో నిర్ణయం ఇవ్వాలన్నది లక్ష్యం. ఒకే కంపెనీలో ఒక దేశం నుంచి మరో దేశానికి బదిలీ అయ్యేవారికి అసలు ఎల్‌ఎంఐఏతో పనే లేదు. వారు వేరే పథకం కింద వస్తారు. ఆ దారుల్లోనూ ప్రభుత్వానికి యజమాని కట్టవలసిన రుసుము యజమానే కట్టాలి.

సంపాదకులకు నా విన్నపం ఇది. విదేశీ ఉద్యోగాల ప్రకటన ఇవ్వడానికి వచ్చినవారిని ఏజెంటు నమోదు సంఖ్య అడిగి, దాన్ని ఈ-మైగ్రేట్‌లో సరిచూసుకుని, ఆ సంఖ్యను ప్రకటనలోనే అచ్చువేయండి. అది లేనివారి ప్రకటన వేయకండి. “ఎల్‌ఎంఐఏ గ్యారంటీ” అనే మాట ఉన్న ప్రకటనను నమోదు సంఖ్య ఉన్నా సరే తిప్పి పంపండి, ఎందుకంటే ఆ గ్యారంటీ ఇచ్చే అధికారం సర్వీస్ కెనడాకు తప్ప ఎవరికీ లేదు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ వంటి ప్రభుత్వ సంస్థలు విదేశీ ఉద్యోగాల కోసమే ఉన్నాయి. ఆ సంస్థలు కెనడా నియామకాల మీద తెలుగులో ఒక చిన్న కరపత్రం వేసి, మండల కార్యాలయాల్లోనూ, పాస్‌పోర్టు సేవా కేంద్రాల దగ్గరా, ఇంజినీరింగ్, డిగ్రీ కళాశాలల్లోనూ పంచితే మేలు జరుగుతుంది. ఎల్‌ఎంఐఏ నిర్ణయ పత్రంలో ఏమేముంటాయి, ఏమేముండవు, యజమాని ఏం కట్టాలి, కార్మికుడు ఏం కట్టాలి అన్న వివరాలు తెలుగులో రాసి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను. మీరు సరేనంటే వచ్చే వారమే పంపిస్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
అంటారియో, కెనడా